నేల నుంచి నెత్తి పైకి

గుండ్లెత్తే ఊళ్లకు బలం గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. కానీ ఒలింపిక్ బార్ బలానికి ఒక్కదానికే లొంగదు. కర్నూలు, కడప పిల్లలు ఆ వేదిక దాకా వెళ్లాలంటే ఏం నేర్చుకోవాలి, మనం వాళ్లకు ఏం సమకూర్చాలి?

రాయలసీమ ఊళ్లలో ఆంజనేయస్వామి గుడి ముందో, రచ్చకట్ట పక్కనో నున్నటి రాతిగుండు పడి ఉండటం కొత్తేం కాదు. మామూలు రోజుల్లో పిల్లలు దాని మీద కూర్చుంటారు, మేకలు ఒళ్లు రుద్దుకుంటాయి. ఉగాది వచ్చిందంటే, జాతర దగ్గర పడిందంటే దానికి పసుపు కుంకాలు పడతాయి. లుంగీ ఎగ్గట్టిన కుర్రాళ్లు ఒక్కొక్కరే ముందుకొస్తారు. కాళ్లు ఎడం చేసి, గుండును రెండు చేతులా వాటేసుకుని, నేల మీంచి పెకలించి తొడల మీదికి లాక్కుంటారు. అక్కడ ఒక్క క్షణం ఊపిరి పీల్చుకుని పొట్ట మీదుగా రొమ్ము దాకా దొర్లించి, భుజానికెక్కించి వెనక్కి వదిలేస్తారు. డప్పులు మోగుతాయి. గుండొక్కటే కాదు, బండి ఇరుసు ఎత్తేవాళ్లున్నారు, ఇసుక మూట ఎత్తేవాళ్లున్నారు. ఎద్దులకు బండలాగుడు ఉన్నట్టే మనుషులకు ఈ పోటీలు.

పండగ సంగతి పక్కన పెట్టినా ఈ నేల మీద బరువు మోయని రోజు లేదు. కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డ బస్తాల కింద హమాలీలు పొద్దున్నుంచే వంగుతారు. ఆదోనిలో పత్తి, యాడికి పోయినా బస్తా. బేతంచర్ల, కొలిమిగుండ్ల, యర్రగుంట్ల, జమ్మలమడుగు చుట్టుపక్కల నాపరాళ్ల గనుల్లో కూలీలు గడ్డపారతో బండ అంచును లేపి, నలుగురూ ఒకే ఊపులో దాన్ని నిలబెడతారు. ఊపు కలవకపోతే బండ పగులుతుంది, లేదంటే ఎవరి కాలో నలుగుతుంది. బలాన్ని ఏ క్షణంలో వాడాలో వాళ్లకు ఎవరూ పుస్తకం పెట్టి చెప్పలేదు.

ఇంత ఉన్నా, వెయిట్‌లిఫ్టింగ్‌లో ఆంధ్ర పేరు చెబితే ముందు గుర్తొచ్చేవి వేరే ఊళ్లు. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి కరణం మల్లీశ్వరి వచ్చారు. విజయనగరం దగ్గర కొండవెలగాడ అనే ఒక్క పల్లె వరసగా లిఫ్టర్లను తయారు చేసింది. మత్స సంతోషి ఆ ఊరి అమ్మాయే. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం నుంచి రాగాల వెంకట్ రాహుల్ వచ్చాడు. కర్నూలు, కడప పేర్లు ఆ వరసలో ముందుగా వినిపించవు. ఇక్కడి పిల్లలకు బలం తక్కువై కాదు. బార్ పట్టుకునే తీరు, దాని కిందికి దూరే తీరు, చిన్న వయసులోనే ఓపిగ్గా నేర్పే ఏర్పాటు ఇక్కడ ఊరూరా లేకపోవడమే కారణమని నా నమ్మకం. ఈ కథనమంతా ఆ తీరు గురించే.

గుండు నేర్పింది, బార్ మాన్పించేది

గుండుకు పిడి ఉండదు. వాటేసుకోవాలంటే వెన్ను గుండ్రంగా వంచక తప్పదు. ఒంటికి ఎంత దగ్గరగా హత్తుకుంటే అంత తేలిక. మోచేతులు మొదట్నుంచీ మడిచే ఉంటాయి. పైగా గుండు ఎత్తడానికి తొందరేం లేదు. తొడ మీద ఆపుకోవచ్చు, ఊపిరి తీసుకోవచ్చు, మళ్లీ దొర్లించుకోవచ్చు.

బార్ దగ్గర ఇవన్నీ తిరగబడతాయి. వెన్ను చదునుగా, బిగుతుగా ఉండాలి. చేతులు చాచి ఉండాలి. స్నాచ్‌లో బార్ నేల మీంచి నెత్తి మీదికి ఒకే ఊపులో పోవాలి, మధ్యలో ఆగితే లిఫ్టు లేదు. క్లీన్ అండ్ జర్క్‌లో భుజాల మీద ఒకసారి ఆపుకోవచ్చు గానీ, నేల నుంచి భుజాల దాకా మళ్లీ ఒకటే ఊపు. అది క్లీన్, అక్కణ్నుంచి నెత్తి మీదికి పంపడం జర్క్. గుండెత్తి పేరు తెచ్చుకున్న కుర్రాడు మొదటిసారి బార్ ముందు నిలబడితే అలవాటైన పనే చేస్తాడు. వెన్ను వంచుతాడు, చేతులతో లాగుతాడు. ముప్ఫై, నలభై కిలోల దాకా బార్ అతని మాట వింటుంది. ఆ తర్వాత మోకాలి దగ్గరే మొరాయిస్తుంది. ఊళ్లో తన కంటే బక్కగా ఉన్న పిల్లాడు పక్క ప్లాట్‌ఫారం మీద అదే బరువును అవలీలగా ఎత్తుతుంటే చూసి సిగ్గుపడతాడు, మర్నాటి నుంచి రావడం మానేస్తాడు. ఆటకు అక్కరకొచ్చే బలం అలా ఇంటిదారి పట్టడం కన్నా పెద్ద నష్టం ఇంకోటి లేదు.

గుండు పోటీలు వద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. నడుము, పిడికిలి, తొడలు గట్టిపడటానికి గుండును మించిన సాధనం పల్లెలో లేదు. ఆ బలాన్ని బార్‌కు అనువుగా మలచాలి, అంతే.

సెకను లోపల జరిగేదేంటి?

స్నాచ్‌లో బార్ నేల విడిచినప్పటి నుంచి తొడల పైభాగం దాటి పైకి ఎగిరే దాకా సెకను కూడా పట్టదు. చూసేవాళ్లకు అదొక మెరుపు. ఎత్తేవాళ్లకు మాత్రం అందులో ఒకదాని వెనక ఒకటి నాలుగైదు పనులున్నాయి.

మొదటిది నేల నుంచి మోకాలి దాకా. ఇక్కడ వేగం అక్కర్లేదు. కాళ్లు నేలను కిందికి తొయ్యాలి, భుజాలు బార్ కంటే కాస్త ముందుండాలి, వెన్ను ఏ వాలులో మొదలైందో మోకాలి దాకా అదే వాలులో ఉండాలి. కొత్తవాళ్లలో ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. బార్ కదలకముందే పిరుదులు లేచిపోతాయి, కాళ్ల పని నడుము మీద పడుతుంది. మోకాలు దాటాక మోకాళ్లు మళ్లీ కాస్త వంగి బార్ కిందికి జరుగుతాయి. దీన్ని మామూలు కంటితో పట్టుకోవడం కష్టం, సరైన లిఫ్టర్‌కు అది దానంతటదే జరుగుతుంది. అప్పుడొస్తుంది అసలు పేలుడు. మడమలు, మోకాళ్లు, తుంటి ఒక్కసారిగా చాచుకుంటాయి. తొడల పైభాగాన్ని ఒరుసుకుంటూ బార్ పైకి పోతుంది.

చేతుల సంగతి అర్థం కావడానికి మన తాతల కపిల బావే చాలు. నీళ్లు నిండిన బానను పైకి తెచ్చింది ఎడ్లు, వాలులో దిగే వాటి బరువు. మోకు ఏమీ లాగలేదు, బిగుతుగా ఉండి ఎడ్ల బలాన్ని బానకు అందించిందంతే. స్నాచ్‌లో చేతులదీ అదే పని. కాళ్లూ తుంటీ చాచుకోకముందే మోచేయి మడిచామంటే ఆ బలం మోచేతి దగ్గరే ఆవిరైపోతుంది. కోచ్‌లు ఇచ్చే మందలింపుల్లో సగం ఈ ఒక్క తప్పు గురించే.

ఆ తర్వాతది కొత్తవాళ్లకు నమ్మబుద్ధి కానిది. పెద్ద బరువున్న బార్‌ను నెత్తి దాకా లాగడం ఎవరి వల్లా కాదు. మంచి లిఫ్టర్ కూడా దాన్ని రొమ్ము దరిదాపులకే తేగలడు. ఆ క్షణాన మనిషి బార్ కిందికి దూరాలి, అదీ బార్ కింద పడటం మొదలెట్టేలోపు. పాదాలు కాస్త పక్కకు జరిపి, పిరుదులు మడమల మీదికొచ్చేలా దిగి, చేతులు నిటారుగా చాచి బార్‌ను తలపైన ఆపాలి. బరువు పైకి పోవడం సగం పనైతే, మనిషి కిందికి పోవడం మిగతా సగం. గుండెత్తినవాడికి ఈ రెండో సగం బొత్తిగా తెలీదు. దిగాలంటే భయపడతాడు, నిలబడే చేతులతో నెట్టాలని చూస్తాడు. అలా మోచేతులు వంగి ఆ తర్వాత నెట్టి చాచితే రిఫరీలు ఎర్ర లైటు వేస్తారు. ముగ్గురు రిఫరీల్లో కనీసం ఇద్దరు తెల్ల లైటు వేస్తేనే లిఫ్టు చెల్లుతుంది.

పట్టులోనూ ఒక మెలకువ ఉంది. బొటనవేలిని బార్‌కు ఆనించి, దాని మీద చూపుడువేలు, మధ్యవేలు వేసి బిగించాలి. మొదట్లో బొటనవేలు నొప్పెడుతుంది, చర్మం లేచిపోతుంది. పిల్లలు రెండు వారాల్లో మానేద్దామనుకుంటారు. ఓర్చుకుంటే వేళ్లు అలవాటు పడతాయి, ఆ పట్టు లేకుండా ఎంత బలమున్నా బార్ విసురుకు నిలవదు.

పెద్ద లిఫ్టర్ల బార్ దారిని పక్క నుంచి చూస్తే నిలువు గీతలా ఉండదు. నేల విడిచాక ఒంటివైపు కాస్త వస్తుంది, తొడ తగిలాక కాస్త ముందుకు పోతుంది, పైన మళ్లీ వెనక్కొచ్చి మనిషి మీద ఆగుతుంది. ఈ మెలికలు ఎంత చిన్నవైతే అంత మంచిది. బార్ ముందుకు తొలిగిన ప్రతి అంగుళానికీ లిఫ్టర్ ముందుకు గెంతాలి, గెంతిన చోట నిలదొక్కుకోవాలి. పోగొట్టుకున్న కిలోల్లో చాలావరకు ఇక్కడే పోతాయి.

ఆట మారింది

ఇదంతా ఎప్పుడూ ఇలాగే లేదు. విజయవాడలో ఇండోర్ స్టేడియానికి ఎవరి పేరు పెట్టారో ఆ దండమూడి రాజగోపాల్‌ను తెరమీద చూసినవాళ్లు ‘నర్తనశాల’లో భీముడిగా గుర్తుపడతారు. ఆయన పోటీల్లో ఎత్తిన రోజుల్లో లిఫ్టులు మూడు. స్నాచ్, క్లీన్ అండ్ జర్క్‌తో పాటు ప్రెస్ ఉండేది. భుజాల మీది బార్‌ను కాళ్లు కదపకుండా చేతుల బలంతో పైకి నెట్టడమే ప్రెస్. గుండెత్తే బలానికి అందులో విలువుండేది. కానీ లిఫ్టర్లు నడుము వెనక్కి వంచి ఎత్తడం మొదలెట్టాక ఏది సరైన ప్రెస్సో రిఫరీలు తేల్చలేకపోయారు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ తర్వాత దాన్ని తీసేశారు. 1960ల నడిమి దాకా బార్ తొడలకు తగలకూడదన్న నియమం కూడా ఉండేది. అది పోయాకే బార్ ఒంటికి దగ్గరగా, వేగంగా పోవడం మొదలైంది. కాళ్లు ముందుకూ వెనక్కూ చీల్చి స్నాచ్ పట్టే పాత పద్ధతి పోయి, గొంతుక్కూర్చుని పట్టే పద్ధతి నిలిచింది. ఇవాళ్టి రెండు లిఫ్టుల్లోనూ వేగం, వంగుడు, సమయం కలిస్తేనే బలం ఫలిస్తుంది.

ఇందులో సీమ పిల్లలకు కలిసొచ్చేదొకటి ఉంది. పల్లెలో పెద్దలు ఇప్పటికీ గంటల తరబడి గొంతుక్కూర్చోగలరు. చెనిక్కాయ చేలో కలుపు తీసే ఆడవాళ్లు పాదాలు నేలకు పూర్తిగా ఆనించి, మోకాళ్లు ముందుకు చాచి, వెన్ను నిటారుగా పెట్టుకుని సాలు పొడవునా జరుగుతుంటారు. చీలమండ, తుంటి అంత సులువుగా వంగడం స్నాచ్ పట్టేవాళ్లకు వరం. కుర్చీలో కూర్చోవడమే తెలిసిన పిల్లలకు అదే వంగుడు తెప్పించడానికి కోచ్‌లు నెలలు పడతారు, మడమ ఎత్తున్న లిఫ్టింగ్ బూట్లు తొడుగుతారు. పల్లెల్లో కూడా ఇప్పుడు బల్లలూ కుర్చీలే. ఈ వంగుడు పోకముందే పిల్లలు బార్ దగ్గరికి రావడం మంచిది.

అంకెలు చెప్పే కథ

లిఫ్టర్ పనితీరు ఎక్కడ కుదిరిందో, ఎక్కడ కుదర్లేదో చెప్పే ఒక చిన్న లెక్క కోచ్‌లందరికీ తెలుసు. స్నాచ్ బరువును క్లీన్ అండ్ జర్క్ బరువుతో పోల్చి చూస్తారు. సాధారణంగా మంచి లిఫ్టర్‌కు అది 80 శాతం అటూ ఇటూగా ఉంటుంది. బాగా తగ్గితే బలమున్నా స్నాచ్ పనితీరు వెనకబడిందని, బాగా పెరిగితే జర్క్‌లో ఏదో తేడా ఉందని అనుమానించాలి.

మీరాబాయి చానును చూడండి. మణిపుర్ అమ్మాయి. క్లీన్ అండ్ జర్క్‌లో ప్రపంచానికి సవాలు విసిరింది, స్నాచ్‌లో మాత్రం ఎప్పుడూ తడబాటు. 2020 చివర్లో భుజం, వెన్ను సమస్యల కోసం అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో డాక్టర్ ఆరన్ హార్షిగ్ దగ్గరికి వెళ్లింది. ఆయన ఒకప్పటి లిఫ్టర్, ఆ తర్వాత ఫిజియోథెరపిస్టు అయ్యాడు. ఒళ్లు ఎడమ కుడి సమంగా పనిచేయనప్పుడు స్నాచ్‌లో బార్ నిలవదు. ఏళ్లుగా ఎత్తుతున్న చాంపియన్ కూడా అక్కడ ఆ లోపాన్ని మళ్లీ మొదటి నుంచి సరిదిద్దుకుంది. 2021 ఏప్రిల్‌లో తాష్కెంట్ ఆసియా పోటీల్లో స్నాచ్‌లో 85 కిలోలు రెండుసార్లు తప్పి మూడోసారి 86 ఎత్తింది. అదే రోజు క్లీన్ అండ్ జర్క్‌లో 119 కిలోలతో ప్రపంచ రికార్డు. రెంటి మధ్య లెక్క 72 శాతం. ఆ ఏడాది జులైలో టోక్యో ఒలింపిక్స్‌లో 87, 115 కలిపి 202 కిలోలతో వెండి పతకం. లెక్క 75 శాతం దాటింది. 2024లో పారిస్‌లో స్నాచ్ 88 దాకా వచ్చింది, కానీ క్లీన్ అండ్ జర్క్ 111 దగ్గర ఆగింది. మొత్తం 199. మూడో స్థానం 200కి దక్కింది. ఒక్క కిలో!

మన రాహుల్ 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో 151, 187 కలిపి 338 ఎత్తి బంగారు పతకం తెచ్చాడు. లెక్క 80 శాతానికి కాస్త పైన. సంతోషి 2014లో గ్లాస్గోలో 53 కిలోల విభాగంలో 83, 105 ఎత్తింది, లెక్క 79. మొదటి స్థానంలో నిలిచిన నైజీరియా అమ్మాయి డోపింగ్‌లో దొరికిపోవడంతో సంతోషి కంచు పతకం వెండిగా మారింది. ఈ ఇద్దరి అంకెలూ కుదురైన శిక్షణ చేసిన పని చెబుతాయి.

ఇక మల్లీశ్వరి. 2000 సెప్టెంబర్ 19న సిడ్నీలో, ఆడవాళ్లకు ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్ పెట్టిన మొదటి ఏడాదే, 69 కిలోల విభాగంలో ఆమె స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130 ఎత్తారు. మొత్తం 240. ముందున్న చైనా, హంగరీ లిఫ్టర్లు ఇద్దరూ 242.5 కిలోలతో సమానంగా నిలిచారు. శరీర బరువు తక్కువున్న చైనా అమ్మాయికి స్వర్ణం దక్కింది. మల్లీశ్వరి చివరి ప్రయత్నంలో 137.5 కిలోలు అడిగారు. లేస్తే మొత్తం 247.5, స్వర్ణం ఆమెదే. లేవలేదు. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళగా ఆమె కంచు పతకంతో తిరిగొచ్చారు.

ఆమె ఎత్తిన అంకెలను లెక్కలోకి తెస్తే 110కి 130, అంటే దాదాపు 85 శాతం. స్నాచ్ పనితీరు అంత చక్కగా ఉందన్నమాట. అదే 137.5 లేచి ఉంటే? 110 సరిగ్గా అందులో 80 శాతం. ఆ అంకె ఊహకందని సాహసమేమీ కాదు. అంత చక్కని స్నాచ్ ఉన్న లిఫ్టర్‌కు ఆ జర్క్ అందుబాటులోనిదేనని ఈ లెక్క చెబుతోంది. పాతికేళ్లు దాటినా ఆ ఒక్క లిఫ్టు తలచుకుంటే నాకు గుండె బరువెక్కుతుంది. ఆంధ్రదేశంలో ఏ మూల పిల్ల బార్ పట్టినా ఆ 137.5 గురించి వినే పెరగాలని నా కోరిక.

కర్ర పట్టించే ఓపిక

ఎత్తే తీరు పదిహేనేళ్లు దాటాక నేర్చుకోలేమని కాదు. కానీ చిన్నప్పుడు నేర్చిన కదలిక ఒంట్లో ఇంకిపోతుంది. పెద్దయ్యాక నేర్చింది, బరువు పెరిగి భయం పట్టగానే చెదిరిపోతుంది. అందుకే మొదటి నెలల్లో పిల్లల చేతికి ఇచ్చేది కర్ర. పట్టు, నిలబడే తీరు, కర్ర తలపైన పెట్టుకుని గొంతుక్కూర్చుని లేవడం, మోకాలి దగ్గర నుంచి మొదలెట్టి పైకి లాగడం, చివరికి నేల నుంచి. ఒక్కోసారి రెండు మూడు లిఫ్టులే. అలసిన ఒళ్లు తప్పు నేర్చుకుంటుంది కాబట్టి ఎక్కువ చేయించరు. ఆ తర్వాత తేలికపాటి శిక్షణ బార్, దాని తర్వాత ఆడపిల్లలకు 15 కిలోల బార్, మగపిల్లలకు 20 కిలోల బార్. పిల్లలకు విసుగొస్తుంది. తల్లిదండ్రులకు అంతకన్నా విసుగు. ‘ఇన్నాళ్లూ కర్రతోనే ఆడిస్తున్నాడు ఈ కోచ్’ అని నసుగుతారు. అలా కర్రతో ఆడించే కోచ్ దొరికితే ఆ పిల్లల అదృష్టమే.

బరువులెత్తితే పిల్లలు పొడుగు పెరగరన్న భయం మన ఊళ్లలో చాలా గట్టిది. తెలిసిన కోచ్ కళ్ల ముందు, వయసుకు తగిన బరువుతో చేసే శిక్షణ ఎదుగుదలను ఆపదని పిల్లల డాక్టర్ల సంఘాలే చెబుతున్నాయి. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ మాటా అదే. ప్రమాదమల్లా ఎవరూ చూడకుండా, తోటివాళ్లతో పంతానికి పోయి ఎత్తడంలో ఉంది. ఆడపిల్లల విషయంలో ఇంకా లేనిపోని భయాలు చెబుతారు. మల్లీశ్వరి, ఆమె తోబుట్టువు కృష్ణకుమారి ఇద్దరూ లిఫ్టర్లే. ఆ ఇంట్లో వాళ్లు ఈ మాటలకు లొంగి ఉంటే మనకు సిడ్నీ పతకం ఉండేది కాదు.

కడప శివారులోని పుట్లంపల్లిలో డాక్టర్ వైఎస్సార్ క్రీడా పాఠశాల ఉంది. ఇలాంటి క్రీడా పాఠశాలల్లో పిల్లల్ని నాలుగో తరగతిలోనే ఎంపిక చేస్తారు. పరుగు, నిలబడిన చోట నుంచి దూరం దూకడం, ఎత్తు ఎగరడం, మెడిసిన్ బాల్ విసరడం, ఒళ్లు వంగే గుణం చూస్తారు. వెయిట్‌లిఫ్టర్‌ను వెతకడానికి ఇంతకన్నా మంచి పరీక్షలు లేవు. చేతుల లావును బట్టి లిఫ్టర్‌ను ఎంచకూడదు. నిలబడిన చోటు నుంచి బాగా ఎగరగల పిల్లను, పొట్టిగా ఉన్నా సరే, ఎంచాలి. కాళ్లలో ఆ పేలుడు ఉన్నవాళ్లకు మిగతాది నేర్పొచ్చు. ఇంత పెద్ద సీమకు ఒక్క బడి చాలదు. నంద్యాల, ఆదోని, ప్రొద్దుటూరు, పులివెందుల వైపు పిల్లలు ఇల్లు వదలకుండా సాయంత్రాలు వచ్చి నేర్చుకునే చోట్లు కావాలి. కొండవెలగాడ నుంచి అంతమంది రావడానికి కారణం, అక్కడ లిఫ్టింగ్ ఊరి వ్యవహారం కావడమే. అక్క ఎత్తుతుంటే చెల్లి చూసి నేర్చుకుంది.

తప్పుడు దారి

ఎత్తే తీరు గురించి మాట్లాడి డోపింగ్ గురించి మాట్లాడకపోతే మోసం చేసినట్టే. ఈ ఆటకు మందుల మచ్చ గట్టిగా అంటుకుంది. ఎంతగా అంటే, 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ జాబితాలో మొదట వెయిట్‌లిఫ్టింగ్ పేరే లేదు. 2023 అక్టోబర్‌లో ముంబయిలో జరిగిన ఒలింపిక్ కమిటీ సమావేశంలో తిరిగి చేర్చారు. మన దేశపు లిఫ్టర్లూ ఎందరో పట్టుబడి నిషేధం పాలయ్యారు. జిల్లా స్థాయి పిల్లాడికి జిమ్‌లో ఎవరో పొడి డబ్బా, ఇంజెక్షన్ అంటగట్టడం ఇప్పుడు పట్టణాల్లో మామూలైపోయింది. తీరు నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది, మందుకు వారాలు చాలు. ఆ తొందరే పిల్లల్ని బలి తీసుకుంటోంది. వెన్ను వంచి లాగే పిల్లాడికి మందు ఇస్తే వంగిన వెన్నుతోనే ఇంకా ఎక్కువ బరువు లాగుతాడు, నడుము పోగొట్టుకుంటాడు. అమ్మ వండిన సంగటి, ఊరిబిండి, పప్పు, గుడ్లు, చెనిక్కాయలు, నిద్ర. పదిహేనేళ్ల పిల్లకు ఇవి చాలు. ఇంకేదన్నా కావాలని చెప్పేవాడిని గేటు దాటనివ్వకూడదు.

నాపరాళ్ల మీద బార్ పడితే

ఇక చివరికి చోటు గురించి. సీమ పట్టణాల్లో జిమ్‌లకు కొదవలేదు. కానీ వాటిలో ఎక్కువ చోట్ల నేల నాపరాళ్లది, లేదంటే టైల్సు. ప్లేట్లు ఇనుపవి. అక్కడ బార్‌ను తలపై నుంచి వదిలేస్తే బండలు పగులుతాయి, యజమాని కేకలేస్తాడు. దాంతో పిల్లలు ఎత్తిన బరువును మెల్లగా దించడం అలవాటు చేసుకుంటారు. పైకి చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఎత్తే తీరును మొదట్లోనే చెడగొట్టేది ఇదే. బార్ తప్పితే వదిలేసి పక్కకు తప్పుకునే ధైర్యం ఉన్నప్పుడే పిల్లలు దాని కిందికి దిగగలరు. వదిలే వీల్లేని చోట ఎవరూ దిగరు, నిలబడి చేతులతోనే పట్టాలని చూస్తారు.

ఇంకోటి, ఇనుప ప్లేట్లు చిన్నవి. పోటీ ప్లేటు 45 సెంటీమీటర్ల అడ్డకొలతతో ఉంటుంది, బార్ నేలకు ఇరవై రెండున్నర సెంటీమీటర్ల ఎత్తులో నిలుస్తుంది. శిక్షణకు వాడే తేలికపాటి రబ్బరు ప్లేట్లను కూడా అదే కొలతతో చేస్తారు. చిన్న ఇనుప ప్లేట్లు వేస్తే బార్ ఇంకా కిందికి పోతుంది, పిల్ల ఎక్కువ వంగాలి, వెన్ను గుండ్రమవుతుంది. మొదటి రోజే తప్పు మొదలు.

కాబట్టి ఒక మండలానికి కావలసిన సామాను పెద్దదేం కాదు. నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పున్న చెక్క ప్లాట్‌ఫారం, దానికి రెండు పక్కలా రబ్బరు చాపలు. రెండు రకాల బార్లు, తేలికపాటి శిక్షణ బార్లు, రబ్బరు ప్లేట్లు. కర్రలు కొనక్కర్లేదు. మే నెలలో కర్నూలులో ఎండ 42 డిగ్రీలు దాటితే రేకుల షెడ్డు కింద ఇనుము చేతికి కాలుతుంది, చెమటకు పట్టు జారుతుంది. అందుకని పైకప్పు ఎత్తుగా ఉండాలి, గాలి ఆడాలి, పొద్దున ఆరు లోపు, సాయంత్రం ఎండ తగ్గాక శిక్షణ పెట్టుకోవాలి. చేతులకు రాసుకునే మెగ్నీషియం సుద్ద పెట్టె నిండుగా ఉండాలి.

అన్నింటికంటే ముఖ్యం కోచ్. పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో శిక్షణ పొందినవాళ్లు రాష్ట్రంలో ఉన్నారు. వాళ్లను ఒప్పంద జీతాల మీద తరచూ మార్చే పద్ధతి ఈ ఆటకు సరిపడదు. కర్ర పట్టించిన కోచే ఆ పిల్ల వంద కిలోలు ఎత్తే దాకా చూడాలి, ఎందుకంటే ఆమె తప్పు ఎక్కడ పుట్టిందో అతనికే తెలుస్తుంది. కోచ్ లేని సాయంత్రాల్లో ఫోను అక్కరకొస్తుంది. ప్లాట్‌ఫారానికి సరిగ్గా పక్కన, తుంటి ఎత్తులో నిలబెట్టి నెమ్మది వేగంతో తీసిన వీడియోలో బార్ చివర ఎటు పోయిందో కనిపిస్తుంది. పిరుదులు ముందు లేచాయా, మోచేయి ముందే మడిచిందా, పాదాలు ముందుకు గెంతాయా అని పిల్లలే చూసుకుని, ఆ రోజుకు ఒక్క తప్పునే తీసుకుని దాని మీదే పని చేయొచ్చు. తర్వాతి వారం కోచ్ వచ్చినప్పుడు చూపించడానికి ఆ వీడియో ఫోన్లో ఉంచుకుంటే చాలు.